రిఫండ్‌కి రాసిన కారణం

నేను డిగ్రీ పాసయ్యాను! మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు. ఇలా రాస్తుంటే ఇప్పటికీ గాల్లో తేలినట్టుంది గానీ, రిజల్ట్ వచ్చిన ఉదయం ఆ మాట చెప్పుకోవడానికి భీమవరం హాస్టల్ గదిలో ఎవరూ లేరు. పరీక్షలవగానే అందరూ ఊళ్లకి వెళ్లిపోయారు. ఇంటర్వ్యూల కోసం నేనొక్కదాన్నే ఆగాను.

నాన్నకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అమ్మా నాన్నా మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా ఉంటారు. ఇద్దరికీ ఒకటే ఫోను, అది పాకలో కవర్లో వేలాడుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోతలో రింగు వినపడదు. మిస్డ్ కాల్ చూసినా, "అమ్మాయే మళ్లీ చేస్తుందిలే" అనుకుంటారు. బ్యాంకు మెసేజ్ కనిపిస్తే మాత్రం వెంటనే నాకు చేస్తారు, డబ్బులు పోయాయేమోనని.

మెట్ల మీద హాస్టల్ ఆంటీ ఎదురయ్యారు.

"ఆంటీ, నేను పాసయ్యానండి!"

"చాలా సంతోషం తల్లీ. అన్నట్టు, గది ఎప్పుడు ఖాళీ చేస్తావో చెప్పావు కాదు."

గదిలోకొచ్చి ఫోన్ తీశాను. ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే యాప్ ఒకటి ముందురోజే నాన్నకి చెప్పి ఆయన ఖాతాలోంచి కొన్నాను. నా పాత ఫోన్‌లో అది తెరుచుకోలేదు. రిఫండ్ అడిగితే, కారణం రాయమని ఒక గడి వచ్చింది.

పాడైన మేత బస్తా వెనక్కివ్వాలన్నా నాన్న తిన్నగా అడగరు. కొట్లో కూర్చుని, "బాగున్నారా అండి? అమ్మాయికి సంబంధం కుదిరిందా?" అని కుశలమడిగి, మా సంగతులు చెప్పి, చివర్లో నీళ్లు నములుతూ బస్తా మాటెత్తుతారు. నాకూ అదే వచ్చు. గడిలో తెలుగులోనే రాశాను.

"నమస్కారమండి. బాగున్నారా? నేను ఈ రోజు డిగ్రీ పాసయ్యానండి. మా ఇంట్లో నేనే మొదటిదాన్ని. అమ్మావాళ్లకి ఇంకా తెలీదు. ఏమనుకోకండి, మీ యాప్ నా ఫోన్‌లో తెరుచుకోవట్లేదు."

పంపిన మరుక్షణమే రిఫండ్‌కి ఒప్పుకున్నామని ఇంగ్లీషులో జవాబొచ్చింది. అంత తొందరగా ఏ మనిషీ చదవడు. అయినా అభినందన ఎక్కడైనా ఉందేమోనని కిందిదాకా వెతికాను.

సాయంత్రం నాన్నే ఫోన్ చేశారు.

"అమ్మా, బ్యాంకు మెసేజ్ ఏదో వచ్చింది. డబ్బులు పోయాయా ఏంటి?"

"పోలేదు నాన్నా, యాప్ వాళ్లు వెనక్కిచ్చారు. నాన్నా, నేను డిగ్రీ పాసయ్యాను!"

"ఏంటీ? ఈ మోతలో వినపడి చావట్లేదు. ఉండు, గట్టు చివరికెళ్తాను."

ఏరియేటర్లు ఆపితే రొయ్యలు చచ్చిపోతాయి. ఆయన నడుస్తుంటే మోత కొంచెం కొంచెంగా పలచబడింది. నేను ఫోన్ చెవికి అదుముకుని కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పు."

చెప్పాను. ఫోన్‌కి దూరంగా, అమ్మని కేకేస్తున్న గొంతు.

"ఇంకోసారి చెప్పమ్మా. మీ అమ్మ వింటుంది."

ఇంకోసారి చెప్పాను. ఖాళీ గదిలో నా గొంతు నాకే చాలా పెద్దగా వినిపించింది.