కుడి చక్రం బిగించి వెళ్లిన మా తమ్ముడు

నిన్న పొద్దున ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి మరదలి ఫోన్.

"వదినా, మీ తమ్ముడు లేవడం లేదు."

మా సుధాకర్ ఇక లేడు. నిద్రలోనే. హార్ట్ ఎటాక్ అన్నారు.

నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడాడు. "అక్కా, కుడివైపు అయిపోయింది. ఎడమది విప్పి పెట్టా, రేపు బిగిస్తా. ఆదివారం నాన్నగారి కారులోనే అమ్మ చర్చికి వస్తుంది చూడు."

నాన్నగారి పాత అంబాసిడర్ మీ అందరికీ తెలుసు. వెనక చక్రాలకు కొత్త బ్రేక్ షూలు వేస్తున్నాడు. మెకానిక్‌కి ఇవ్వడు.

లోపల ఏముందో తనే చూడాలి.

చిన్నప్పుడు రేడియో, తర్వాత మాదాపూర్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్. "ఇది ఇలా ఎందుకుంది?" అని అడగనిదే వాడికి రోజు గడవదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాడు, కేపీహెచ్‌బీలో ఇంటి ముందు, ఆత్రంగా ఇదే కారు వెనక చక్రాలు రెండూ ఒకేసారి విప్పేశాడు. బ్రేకుల స్ప్రింగులన్నీ ఒకే పళ్లెంలో కలిసిపోయి, ఏది ఎక్కడిదో తెలియలేదు.

అప్పుడే బంద్ చేయించే కుర్రాళ్లు వచ్చారు.

"ఏందన్నా, బంద్ నాడు బండి తీస్తున్నవ్?"

"చక్రాల్లేని బండి ఎక్కడికి తీస్తానండీ?"

అందరూ నవ్వేశారు. వాళ్లలో నార్సింగి యాదగిరి జెండా గోడకానించి కూర్చున్నాడు. "జర చూపియ్యన్నా. గీ స్ప్రింగ్ ఎటు తగిలిస్తవ్?"

మధ్యాహ్నమంతా ఇద్దరూ తగిలించడం, పీకడం, వాదించుకోవడం. ప్రత్యేక రాష్ట్రం దగ్గర ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. స్ప్రింగుల దగ్గర ఒప్పుకున్నారు.

అప్పటి నుంచి ఇద్దరూ స్నేహితులు, మా తమ్ముడిది ఒకటే పద్ధతి. ఒక వైపే విప్పాలి, రెండో వైపు చూసి బిగించాలి.

నిన్న ఇన్నేళ్లలో మొదటిసారి నేనూ ఆ చక్రం దగ్గర వంగి చూశాను. పేపర్ మీద చంద్రవంకల్లా రెండు కొత్త షూలు. ఇంత చిన్నవి అంత బండిని ఎలా ఆపుతాయి?

అడుగుదామంటే వాడు లేడు.

సాయంత్రం యాదగిరి వచ్చాడు. తమ్ముడి పక్కన చాలాసేపు కూర్చుని, లేచి కారు దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, కుడిపక్కది అన్న బిగించిండు గద. అది తెరిచి చూస్కుంట ఇది నేను బిగిస్త. ఆదివారం అమ్మని నేను తీస్కవోత. ఫికర్ చెయ్యకు."

అమ్మ "సరే నాయనా" అంది.

తమ్ముడూ, అక్కడ కూడా "ఇలా ఎందుకు?" అని అడుగుతూనే ఉంటావు.

ప్రభువు ఓపికగా చెబుతాడులే. ఆయన దగ్గర నెమ్మదిగా ఉండు, నాన్నా.