సీట్ల ఫాదరు చెప్పిన కారణం

మా విశ్వవిద్యాలయంలో ప్రవేశాల విభాగం చూసిన యేసుసభ (జెస్యూట్) క్రైస్తవ గురువును ఊరంతా సీట్ల ఫాదరు అని పిలిచేది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ గదిలో అడుగుపెట్టి, తల ముగ్గుబుట్టయ్యేదాకా అక్కడే పనిచేశారు. సిఫారసులతో వచ్చిన పెద్దమనుషుల కార్లు గేటు దగ్గరే తిరుగుముఖం పట్టేవి.

ఆయనకో పద్ధతి ఉండేది. సీటు రానివాళ్ళు ఆ సంగతి నోటీసుబోర్డులో చూసి తెలుసుకోకూడదు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, టీ ఇప్పించి, ఎందుకు రాలేదో తనే చెప్పేవారు. “ఫాదరు గారి దగ్గర సీటు రాకపోయినా టీ మాత్రం గ్యారంటీ” అని గేటుమనిషి నవ్వేవాడు. పిల్లలు కళ్ళు తుడుచుకుని వెళ్ళి, ఆయన చెప్పిన లోటు సరిచేసుకుని మరుసటేడు మళ్ళీ వచ్చేవారు. ఆయన మాటంటే అంత గురి.

ఆ కుర్చీలోనే ఒక ఏడు, ఫాదర్లుండే ఇంట్లో వంటచేసే మనిషి కూతురు కూర్చుంది. లెక్కల్లో దిట్ట. మార్కులు బాగానే వచ్చాయి. కాని ఆ వేసవిలో “సీట్లన్నీ ఫాదర్ల మనుషులకేనట” అని గుసగుసలు మొదలయ్యాయి. వంటాయన కూతురికి ఇస్తే నిజమే అనుకుంటారని ఫాదరు జంకారు. పోనీ, ఆ మాటైనా చెప్పారా అంటే అదీ లేదు.

“మార్కులు చాల్లేదు తల్లీ” అన్నారు, అలవాటైన మెత్తని గొంతుతో.

“సరే ఫాదర్” అంది ఆ పిల్ల. టీ ముట్టుకోలేదు. తొణక్కుండా గ్లాసు బల్ల మధ్యకు జరిపి వెళ్ళిపోయింది. మళ్ళీ దరఖాస్తు పెట్టలేదు. చర్చి వెనక గదిలో కుట్టుమిషను వేసుకుంది.

రోజూ కళ్ళు మూసుకుని ఆ రోజు నడకను దేవుడి ముందు తరచి చూసుకోవడం యేసుసభ వారి నియమం. ఫాదరు కళ్ళు మూసుకుంటే చాలు, ఆ నిండు గ్లాసు కనిపించేది. పాపసంకీర్తనంలో, అంటే చేసిన తప్పులు మరో గురువు ముందు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకున్నారు కూడా. విన్న ముసలి గురువు, “దేవుడు క్షమించాడు, సరే. ఆ అమ్మాయికి ఎప్పుడు చెబుతావు?” అన్నాడు. ఫాదరు ఇవాళ, రేపు అని ఏళ్ళు నెట్టుకొచ్చారు. వంటాయన మాత్రం, ఫాదరుకు పళ్ళు కదిలాయని, అడక్కుండానే బ్రెడ్డు అంచులు కోసి పెట్టేవాడు. ఆ మెత్తని ముక్కే గొంతు దిగేది కాదు.

చివరికి విశ్రాంతి గృహానికి వెళ్ళమని పెద్దల ఆజ్ఞ వచ్చింది. బయలుదేరే ముందురోజు ఫాదరు చిరిగిన అంగీ ఒకటి పట్టుకుని కుట్టుగదికి వెళ్ళారు.

“రేపు ప్రయాణం పెట్టుకుని ఇవాళా ఫాదర్ చింపుకొచ్చేది!” అని నవ్వింది ఆమె.

“అంగీ వంక మాత్రమే అమ్మా. ఆనాడు నీ మార్కులు సరిపోయాయి. మీ నాన్న మా దగ్గర పనిచేస్తాడు, జనం ఏమంటారోనని భయపడ్డాను. నీతో అబద్ధం చెప్పాను.”

మిషను ఆగిపోయింది. ఆమె గుడ్డ మీద చేతులు అలాగే ఉంచింది.

“సీటు ఇవ్వలేదని కోపం లేదు ఫాదర్. మీరు చెప్పారు కదా, నాకు లెక్కలు రావనుకున్నాను. ఇప్పటికీ ఒక్కో కొలత ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను, తప్పుతానేమోనని.”

ఫాదరు తల వంచుకున్నారు. “నన్ను క్షమించగలవా?”

“నా సంగతి తర్వాత. ముందు మా నాన్నకి చెప్పండి. ‘ఫాదరు అబద్ధమాడతారా? నువ్వే సరిగ్గా చదివుండవు’ అని ఇన్నేళ్ళూ నన్నే అన్నాడు.”

ఫాదరు వంటగదికి నడిచారు. వంటాయన ప్రయాణానికని బ్రెడ్డు ముందేసుకుని, కత్తి నూరుతున్నాడు.

“కూర్చోండి ఫాదర్, టీ పెడతా.”

“వద్దు. నువ్వు కూర్చో” అని ఫాదరే కుర్చీ లాగి వేశారు. వంటాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, ఏమీ తోచక, సీటు కోసం వచ్చిన పిల్లాడిలా అంచున కూర్చున్నాడు. ఈసారి ఫాదరు ఉన్న కారణమే చెప్పారు. వంటాయన అంతా విన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడు రైల్లో ఫాదరు వంటాయన కట్టిన పొట్లం విప్పారు. బ్రెడ్డు అంచులు కోసి లేవు. ఆయన నీళ్ళలో తడుపుకుంటూ, నెమ్మదిగా, అంచులతో సహా తిన్నారు.