సాయంత్రం ఆరు గంటల కొలత

నిన్న సాయంత్రం నిజామాబాద్‌లో మా ఇంటి ఇంటర్నెట్ నత్తనడక నడుస్తుంటే కంపెనీకి ఫోన్ చేశాను. గంట తర్వాత మీ లైను భేషుగ్గా ఉందని మెసేజ్ వచ్చింది, ఐదు నక్షత్రాలు వేయమని కూడా అడిగారు. తెర మీద చక్రం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంట్లో అందరూ నవ్వుకున్నారు గానీ నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అలాంటి అబద్ధం ఒకటి ఒకప్పుడు నా సంతకంతోనే బయటికి వెళ్లింది.

ఫోన్ తీగల మీదే ఇంటర్నెట్ వచ్చే రోజుల్లో, మీలో చాలామందికి ఆ మోడెం కూత ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది, నేను ఓ చిన్న కంపెనీలో లైన్లు కొలిచే పనిలో చేరాను. బోధన్, కోటగిరి, మోస్రా తిరుగుతూ, అక్కడి కంప్యూటర్ నుంచి మా ఆఫీసుకు వంద చిన్న సందేశాలు పంపి, ఎన్ని తిరిగొచ్చాయో, ఎంత ఆలస్యంగా వచ్చాయో నోటుబుక్కులో రాసుకురావడమే పని. నేర్పింది మా సీనియర్. ఆయన్ని అన్నా అనేవాడిని, నోటిమాటగా కాదు, మనస్ఫూర్తిగానే. చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్లు బారులు తీరడం చూస్తూ పెరిగిన మనిషి కనుక పాఠం కూడా అక్కడి నుంచే చెప్పాడు.

"ఖాళీ రోడ్డు మీద అన్ని బండ్లు ఉరుకుతయ్ తమ్మీ. బండ్లు నిలవడ్డప్పుడు సూడాలె, గప్పుడే రోడ్డు సంగతి తెలుస్తది."

అందుకే ఎప్పుడూ సాయంత్రం ఆరు గంటలకు, జనమంతా లైను మీద ఉన్నప్పుడే కొలిచేవాడిని.

కోటగిరిలో ఒక అక్క ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. సాయంత్రమైతే పేజీ సగంలో ఆగిపోయేది. ఆఖరి తేదీన పరీక్ష దరఖాస్తు పోక పిల్లలు ఏడ్చిన రోజులున్నాయి, మెల్లగా అందరూ బోధన్‌కు మళ్లుతున్నారు. లైను బాగాలేదని మా రిపోర్టు చెబితే ఊరికి కొత్త కేబుల్ వేస్తామని కంపెనీ మాటిచ్చింది. అక్క నాకు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, పది రోజులు నా పక్కనే నిలబడి అంకెలు చూసింది. సందేశాలు సగం కూడా తిరిగి రావడం లేదు, కేబుల్ వచ్చినట్టే అక్కా అని నేనూ ధైర్యం చెప్పాను.

ఆఫీసులో ఆ అంకెలు ఎక్కించే రిపోర్టు ఫారం మీద కొలిచినవాడి సంతకం ఉండాలి. నేను ఊళ్లు పట్టుకు తిరిగేవాడిని కనుక ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు చేసి అన్నకు ఇవ్వడం మా ఆఫీసు అలవాటు. కోటగిరి అంకెలన్నీ ఫారంలో ఎక్కించమని ఆయన చేతికే ఇచ్చాను.

నెల తర్వాత అక్క కంపెనీ పంపిన కాగితం నా ముందు పెట్టింది. కోటగిరి లైను బ్రహ్మాండంగా ఉంది, కేబుల్ అవసరం లేదు అని ఉంది, కింద కొలిచినవాడి సంతకం.

"గీ కుర్చీల్నే కూసొని కొలిసినవ్ కద తమ్మీ. మరి గీ సంతకం ఎవలది?"

నాదే అక్కా అన్నాను. ఖాళీ కాగితం సంగతి చెప్పబోయాను గానీ ఆమె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు చాయ్ రాలేదు. ఆ ఎండాకాలంలోపే సెంటర్‌కు తాళం పడింది.

అన్నను నిలదీశాను. ఆయన తడబడలేదు. ఊరి మొదట్లో ఉన్న లైన్ల డబ్బా దగ్గర తెల్లవారుజామున ఐదు గంటలకు తానే కొలిచాడట, ఒక్క అంకె కూడా అబద్ధం కాదట, ఏ వేళ కొలిచామో రాసే గడి ఫారంలో లేదు కదా అన్నాడు. కేబుల్ ఖర్చు తప్పించుకోవడానికి పైవాళ్లకు అంతా బాగుందనే కాగితం కావాలి, ఆయనకు మేనేజరు కుర్చీ కావాలి. నాకు నేర్పిన పాఠాన్నే తిరగేసి నన్ను నమ్మించి గొంతు కోశాడు. ఆ తర్వాత ఆయన్ని అన్నా అని పిలవలేదు, ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు ఫారాలు లేవు, సంతకాలు లేవు. యంత్రమే కొలుచుకుని తనకు తానే మార్కులు వేసుకుంటోంది. ఆ రోజుల్లో మోసం చేయాలన్నా ఓ మనిషి చీకటితో లేచి కోటగిరి దాకా పోవాల్సి వచ్చేది. నిన్నటి మెసేజ్‌ను కిందిదాకా జరిపి చూశాను. ఎవరిదని అక్కలా అడుగుదామంటే, దాని కింద ఎవరి సంతకమూ లేదు.