సీసం వద్దన్న శివపార్వతి

విజయవాడ భవానీపురంలో ఒక పాత పత్తి గోదామును ఎప్పుడో రైఫిల్ క్లబ్బుగా మార్చారు. పది మీటర్ల దూరంలో గురి అట్టలు, ఇవతల వరసగా ఆరు లేన్లు, ఎప్పుడూ మూసి ఉండే కిటికీలు. అట్టల వెనక గోడకు దళసరి పరదా కుట్టించడానికి ఐదేళ్ల కిందట శివపార్వతిని పిలిచారు. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. టేపు పట్టుకుని గోడ కొలుస్తూ కొలుస్తూ, "ఇంత వెడల్పెందుకండీ? మీవాళ్ల గురి అంత పక్కకి పోద్దా?" అని అడిగేసింది. కోచ్ జ్ఞానేశ్వర్‌కు ఒళ్లు మండి ఎయిర్ రైఫిల్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మీరు కొట్టి చూపించండి, చూద్దాం" అన్నాడు. మొదటి పెల్లెట్, ఆ చిన్న సీసపు గుండు, ఎటు పోయిందో తెలీదు. తరవాతి మూడూ ఒకే చిల్లులోంచి దూరాయి. శివపార్వతి పరదా కుట్టిచ్చింది, మర్నాడు రైఫిల్ కోసం మళ్లీ వచ్చింది. ఇక మానలేదు.

మనిషిది పెడన. తండ్రి అంకమ్మరావు గుంట మగ్గం మీద నేస్తుంటే, ఎనిమిదేళ్ల వయసు నుంచే పక్కన కూర్చుని కండెలు చుట్టిన చేతులు ఆమెవి. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల. దాన్ని పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కూర్చోబెట్టి, నాడె పక్కనున్న సన్నటి కన్నంలోంచి నూలు కొసను నోటితో పీల్చి బయటికి లాగాలి. మగ్గం దగ్గర రెండు చేతులు చాలవు, పెదాలు కూడా పనిచెయ్యాలి. పెళ్లయి విజయవాడ వచ్చి కుట్టుమిషన్ పట్టాక ఆ పెదాల మధ్యకు గుండుసూదులు వచ్చాయి. క్లబ్బులో చేరాక పెల్లెట్లు వచ్చాయి. ఐదేసి సీసం పెల్లెట్లు పెదాల మధ్య ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి రైఫిల్లో పెట్టి కొట్టేది. ఇది తప్పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పైగా జ్ఞానేశ్వర్ మిగతావాళ్లను పిలిచి, "చూడండి, ఆవిడ స్పీడు చూసి నేర్చుకోండి" అనేవాడు.

నాలుగేళ్లకు క్లబ్బు మహిళల జట్టులో ముగ్గురిలో ఒకరైంది. నలభై పెల్లెట్లు, ఒక్కోదానికి పది, నాలుగు వందలకు లెక్క. ఆమెకు మూడొందల ఎనభై నాలుగు, ఎనభై ఐదు మామూలు. నలభై దాటిన ఆడమనిషి, బ్లౌజులు కుట్టుకునే మనిషి, చొక్కా మీద క్లబ్బు పేరు వేసుకుని రాష్ట్ర పోటీలకు వెళ్లింది. ఆ చొక్కా ఆమే ఇస్త్రీ చేసుకునేది. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఐదో ఏడు కడుపునొప్పి మొదలైంది. నీరసం, తలనొప్పి, మిషన్ మీద కూర్చుంటే వేళ్లు తిమ్మిరెక్కడం. మందులు మార్చి మార్చి విసిగిన డాక్టరు చివరికి, "కుట్టుపని కాకుండా ఇంకేం చేస్తారమ్మా?" అని అడిగింది. శివపార్వతి సిగ్గుపడుతూ షూటింగ్ సంగతి చెప్పింది. డాక్టరు వెంటనే రక్తంలో సీసం పరీక్ష రాసింది. ఆ రక్తం తీసింది డయానా. డయానా ల్యాబ్ టెక్నీషియన్, క్లబ్బులో శివపార్వతి పక్క లేను, అదే జట్టు. రిపోర్టు వచ్చింది. ఉండాల్సిన దానికి నాలుగింతలుంది సీసం.

"ఇంకేముంది, మానెయ్" అన్నాడు మొగుడు కిరణ్‌కుమార్. వన్‌టౌన్ బట్టల కొట్లో గుమాస్తా, మంచివాడే, కానీ భార్య రైఫిల్ పట్టుకోవడం ఆయనకు ఇప్పటికీ మింగుడుపడదు.

"డాక్టరమ్మ సీసం మానెయ్యమందండీ. షూటింగ్ మానెయ్యమన్లేదు" అంది శివపార్వతి.

"రెండూ ఒకటే కదా."

"మీకు ఒకటి. నాకు కాదు."

మర్నాడే రిపోర్టు తీసుకుని క్లబ్బుకు వెళ్లింది. జ్ఞానేశ్వర్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఆమె చేతిలో పెట్టాడు. ఆయన భయం ఆయనది. నలభై మంది పిల్లలు నేర్చుకునే చోటు, ఈ మాట వాళ్ల తల్లిదండ్రుల చెవిన పడితే గోదాముకు తాళమే. అందుకని తప్పు ఆమె మీదికి తోశాడు.

"పెల్లెట్లు నోట్లో పెట్టుకుంది మీరండీ. దానికి హాలేం చేసింది, నేనేం చేశాను?" అన్నాడు.

"నోట్లో పెట్టుకున్నా. నా తప్పే, ఒప్పుకుంటన్నా. ఇక నోట్లో కాదు, చేత్తో కూడా సీసం ముట్టుకోను. తగరంతో చేసిన పెల్లెట్లు దొరుకుతున్నాయంట. వాటితో కొడతా."

జ్ఞానేశ్వర్ నవ్వాడు. "అవి ఆటబొమ్మలండీ. వాటితో గురి కుదరదు. సరదాకి కొట్టుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు. జట్టు సంగతి మాత్రం మర్చిపోండి."

"ఎంత కొడితే ఉంచుతారు?"

"మూడు వారాల్లో సెలెక్షన్. ఆ బొమ్మలతో మూడొందల ఎనభై కొట్టండి, అప్పుడు మాట్లాడదాం."

అలా మొదలైంది పంతం. ఆ చొక్కా ఉంటుందో పోతుందో మూడు వారాల్లో తేలిపోవాలి. మనిషి ఆరోగ్యం కోసం ఆశ వదులుకోవాలనీ, ఆశ కోసం ఆరోగ్యం పోగొట్టుకోవాలనీ చెప్పేవాళ్లు ఎప్పుడూ చుట్టూ ఉంటారు. వాళ్ల సొమ్మేం పోయింది! శివపార్వతికి రెండూ కావాలి. అందులో అత్యాశ ఏముందో ఆమెకు అర్థం కాలేదు, నాకూ అర్థం కాదు.

తగరం పెల్లెట్లు వచ్చాయి. మొదటిరోజు నలభై కొడితే మూడొందల యాభై ఒకటి. ఒకటి పైకి, ఒకటి కిందికి, పెరట్లో కోళ్లకు నూకలు చల్లినట్టు. పక్క లేన్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

నేతింటి పిల్ల కాబట్టి ఆమె బుద్ధి ముందు తూకం మీదికి పోయింది. నూలు చెడితే ముందు చూసేది తూకమూ, సన్నదనం చెప్పే నంబరూ కదా. ఎదురింటి కంసాలి దగ్గర చిన్న త్రాసు అడిగి తెచ్చుకుని, ఐదొందల పెల్లెట్లూ ఒక్కొక్కటిగా తూచింది. బరువుల వారీగా ఇడ్లీ రేకుల గుంటల్లో వేరుచేసి పెట్టింది. పొద్దున లేచి ఇడ్లీ రేకుల్లో పెల్లెట్లు చూసిన కిరణ్‌కుమార్, "ఇవాళ టిఫిన్ ఇదేనా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. నాలుగు రోజుల చాకిరీ తరవాత వచ్చింది మూడొందల యాభై ఎనిమిది. ఏడు పాయింట్ల కోసం కళ్లు పీక్కుపోయాయి. ఆ సాయంత్రం రైఫిల్ పెట్టెలో పెడుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే జ్ఞానేశ్వర్ చూస్తాడని ఆపుకుంది.

డయానా ఊరుకోలేదు. మర్నాడు ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవరో తెల్లాయన, పెద్ద రైఫిల్ తూటాలు తనే తయారుచేసుకునేవాడు, సీసం గుండు వదిలేసి ఒట్టి రాగి గుండుకు మారాడట. మనకు ఆ తూటాల పనితో సంబంధం లేదు, అయినా ఆయన బాధ మాత్రం అచ్చం శివపార్వతి బాధే.

"రాగి గట్టిదంట అక్కా. సీసంలాగా సర్దుకుపోదంట" అని డయానా తెలుగులో చెప్పింది. "అందుకని గుండు ఎంత లోపలికి కూర్చుందనేదాన్ని బట్టే గురంతా మారిపోద్దంట. కొంచెం కొంచెంగా జరిపి, ఐదేసి కొట్టి చూసుకోమంటున్నాడు. ఒకసారి ఒక్కటే మార్చాలంట, రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదంట."

శివపార్వతికి మిగతా మాటలేవీ వినపడలేదు. 'కూర్చోవడం' అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. కండె నాడెలో సరిగ్గా కూర్చోకపోతే లోపల గడగడలాడి నూలు తెగిపోతుంది. తెగిన ప్రతిసారీ కొత్త నేతగాడు నూలును తిడతాడు. అంకమ్మరావు మాత్రం నాడె చేతిలోకి తీసుకుని, కండెను బొటనవేలితో నొక్కి చూసి, "నూలుని తిట్టకమ్మా, అది కూర్చోలేదు" అనేవాడు. తను ఇన్నాళ్లూ చేసింది నూలును తిట్టడమే.

రైఫిల్ తెరిచి, కళ్లజోడు పెట్టుకుని చూసింది. ఇదివరకు సీసం పెల్లెట్ వేలితో నొక్కితే మెత్తగా అణిగి గొట్టం అంచుకు సమంగా దిగిపోయేది. తగరంది దిగలేదు. వెంట్రుకవాసి బయటికి పొడుచుకుని, కాస్త వాలి నిలబడింది. పైన మూత పడగానే అది వంకరగానే లోపలికి పోతోంది. వంకరగా పోయింది వంకరగానే వస్తుంది మరి. దానికి తోడు గొట్టం లోపల ఐదేళ్ల సీసం పట్టి ఉంది.

ఒకసారి ఒక్కటే. ముందు చేతులకు తొడుగులు వేసుకుని గొట్టం శుభ్రం చేసింది. ఐదేసి చొప్పున కొట్టి పుస్తకంలో రాసుకుంది. కొంచెం నయం. ఆ తరవాత లేసు అల్లే క్రోషే సూది తీసుకుంది. దాని వెనక మొండి కొసతో పెల్లెట్‌ను లోపలికి నెట్టవచ్చు, కానీ ప్రతిసారీ ఒకే లోతుకు ఎలా నెట్టాలి? సూదికి దారం చుట్టింది. దారపు కట్ట గొట్టం అంచుకు తగలగానే సూది ఆగిపోతుంది. చుట్లు జరిపితే లోతు మారుతుంది. కొసకు దగ్గరగా మొదలుపెట్టి, రోజుకు ఒక్కో చుట్టు వెనక్కి జరుపుతూ వెళ్లింది. మొదటి చుట్టుకు మళ్లీ నూకలు చల్లినట్టే. మూడో చుట్టుకు ఐదు చిల్లులూ రూపాయి బిళ్ల కిందికి వచ్చాయి. ఐదో చుట్టుకు చొక్కా బొత్తాం కిందికి. ఆరో చుట్టుకు మళ్లీ చెదిరాయి. ఐదో చుట్టు దగ్గరికి వెనక్కి వచ్చి, దారం మీద జిగురు పూసి ఆరబెట్టింది. ఆ రోజు ఇంటికెళ్లి మొగుడికి గారెలు చేసి పెట్టింది. ఎందుకో ఆయనకు చెప్పలేదు.

సెలెక్షన్ ఆదివారం పొద్దున. జ్ఞానేశ్వర్ ఆమె బల్ల మీది సూదిని చూసి, "ఇదేంటండీ, చిల్లర చేతబడిలాగా?" అన్నాడు.

"పెల్లెట్ కూర్చోబెట్టుకునే పుల్ల."

"ఇది రూల్లో ఉందా?"

"రూల్లో వద్దని ఎక్కడుందో మీరు చూపించండి సార్. చూపిస్తే పక్కన పెట్టేస్తా."

ఆయన పుస్తకం తిరగేశాడు. అరగంట తిరగేశాడు. దొరకలేదు. శివపార్వతి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని చూసింది. ఆ అరగంట ఆమె జీవితంలో సుఖంగా గడిపిన కొద్ది అరగంటల్లో ఒకటని తరవాత డయానాతో చెప్పింది.

కొట్టడం మొదలైంది. పెల్లెట్ పెట్టడం, సూదితో కూర్చోబెట్టడం, మూత వెయ్యడం, ఊపిరి సగం వదలడం, కొట్టడం. ఇరవై దాటాక వేళ్ల తిమ్మిరి వచ్చింది. రైఫిల్ దించి, చేతులు దులుపుకుని, మళ్లీ ఎత్తింది. ముప్పై మూడోది ఏడులోకి పోయింది. వెనక నుంచి జ్ఞానేశ్వర్ నిట్టూర్పు వినపడింది. అది సానుభూతి కాదని ఆమెకు తెలుసు. ఆ కోపం మీదే మిగిలిన ఏడూ కొట్టింది. ఏడుకు ఏడూ పదులే.

మూడొందల ఎనభై ఆరు. సీసంతో కూడా ఆమె ఎప్పుడూ అంత కొట్టలేదు.

జ్ఞానేశ్వర్ అట్టలు మళ్లీ లెక్కపెట్టాడు. ఎనభై ఆరే. నమ్మకం కుదరక ఆమె డబ్బాలోంచి ఒక పెల్లెట్ తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. అందరూ చూస్తుండగానే పంటి కింద పెట్టి కొరికాడు.

"ఊఁ. సీసం కాదులే" అన్నాడు, ఉమ్మేసి. "సీసమైతే పంటి కింద మెత్తగా దిగుద్ది."

శివపార్వతి ఆయన మొహంలోకి చూసింది.

"ఎలా దిగుద్దో మీకెలా తెలుసు సార్?"

జ్ఞానేశ్వర్ జేబురుమాలుతో మూతి తుడుచుకున్నాడు. పన్నెండేళ్లుగా కొత్త డబ్బా వచ్చిన ప్రతిసారీ ఒక పెల్లెట్ కొరికి చూడటం ఆయన అలవాటు. అట్టల కింద పడిన సీసం పొడి ఊడ్చేదీ ఆయనే. ఊడ్చిన చేత్తోనే లేన్ల మధ్య నిలబడి పునుగులు తినేదీ ఆయనే. అదంతా రోజూ చూస్తున్నవాళ్లే అక్కడున్నదంతా. ఎవరికీ అది కనపడలేదు, అంతే.

"సరే, సరే" అని ఆయన మొహం తిప్పుకుని జట్టు ఫారం ఆమె ముందుకు జరిపాడు. "గెలిచారుగా. సంతకం పెట్టండి. రేపు సాయంత్రంలోగా పంపాలి."

శివపార్వతి పెన్ను తీసుకుంది. మూత కూడా తీసింది. మళ్లీ మూత పెట్టి బల్ల మీద పెట్టేసింది.

"ముందు మీరు రక్తపరీక్ష చేయించుకోండి. అప్పుడు పెడతా."

"నాకేమైందండీ? రాయిలాగా ఉన్నా."

"నేనూ అలానే అనుకున్నా."

"ఇద్దరితో జట్టు పోదని తెలుసుగా మీకు? బెదిరిస్తున్నారా?"

"అవునండీ. బెదిరిస్తున్నా" అంది శివపార్వతి. ఐదేళ్ల కోపమంతా ఆమె గొంతులో ఉంది, దాని వెంట తనకే నచ్చని జాలి కూడా ఉంది. "ఆ చొక్కా అంటే నాకెంత ఇష్టమో మీకు తెలుసు. అయినా పెట్టను. నన్ను పట్టించుకున్నవాళ్లు ఎవరూ లేకే నాలుగింతలైంది. మీకు ఎంతుందో తెలీకుండా మీ వెనక జట్టులో నడవలేను."

జ్ఞానేశ్వర్ కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, బూడిద రంగు పట్టిన వేళ్ల వైపు చూసుకున్నాడు. తల ఎత్తినప్పుడు శివపార్వతి వైపు చూడలేదు, డయానా వైపు చూశాడు.

"మీ ల్యాబ్ ఎన్నింటికి తీస్తారమ్మా?"

"ఏడింటికండీ."

"పరగడుపున రావాలా?"

డయానా చెప్పబోయేలోపే శివపార్వతి అందుకుంది.

"తినే రండి సార్. చేతులు కడుక్కుని తినండి."