మెల్‌స్టెడ్ గేటు ఇల్లు

మ్యూరియల్ గ్యారడ్ పెళ్లయి మెల్‌స్టెడ్ రైలు గేటు ఇంటికి కాపురానికి వచ్చిన నాటికి ఆ ఊళ్లో రెండు వేలమంది కూడా లేరు. భర్త వాల్టర్ పట్టాలు బాగుచేసే పనివాడు. అద్దె లేకుండా ఇల్లిచ్చినందుకు భార్య గేటు చూసుకోవాలన్నది రైల్వేవాళ్ల షరతు. గంట మోగితే రోడ్డుకు అడ్డంగా గేటు వెయ్యాలి, రైలు వెళ్లాక తీయాలి. అప్పట్లో దాటేవాళ్లెవరు గనక? పాలబండి, బీట్ దుంపల ట్రాక్టర్లు, ఆదివారం చర్చికి పోయే నలుగురు. మధ్యలో ఆవిడ రొట్టె కాల్చుకునేది, పెరట్లో బఠాణీలు కోసుకునేది.

తర్వాత లండన్‌లో ఇళ్లు చాలక అక్కడి జనాన్ని చిన్న ఊళ్లకు పంపడం మొదలైంది. పట్టాలకు అవతల, బార్లీ పొలాల్లో, ఎర్ర ఇటుక ఇళ్లు వందలకొద్దీ లేచాయి. అలా వచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. మా ఇళ్లు అవతల; బడి, దుకాణాలు, ఫ్యాక్టరీ ఇవతల. చూస్తుండగానే ఊరు రెండింతలైంది, ఆపైన నాలుగింతలైంది. కార్లూ పెరిగాయి. అందరూ మ్యూరియల్ గుమ్మం ముందునుంచే పోవాలి.

"ఏంటమ్మా, గేటు తీస్తావా, ఇక్కడే కాపురం పెట్టమంటావా?" అని కార్లలోంచి అరిచేవారు మావాళ్లు.

"పెట్టు నాయనా. నువ్వు గేటు చూసుకో, నేను ఊరు చూసొస్తా," అనేది. మొదట్లో నవ్వుతూనే అనేది.

వాల్టర్ పోయాక ఆ నవ్వూ పోయింది. పని మానేస్తే ఇల్లు పోతుంది. చేస్తే గడప దాటే వీల్లేదు. సెలవడిగితే బదులు మనిషిని పంపుతామనేవారు, పంపేవారు కాదు. చెల్లెలు ఓలివ్ లోస్టాఫ్ట్‌లో ఉండేది. ఆ ఊరి రైలు రోజూ మ్యూరియల్ కిటికీ ముందునుంచే పోయేది. ఏళ్ల తరబడి ఆవిడ అది ఎక్కింది లేదు.

ఒక నవంబరు నాడు ఓలివ్‌కు ప్రాణం మీదికి వచ్చిందని ఆసుపత్రినుంచి కబురొచ్చింది. మ్యూరియల్ స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"ఇవాళ మనిషి లేడు మిసెస్ గ్యారడ్, రేపు చూద్దాం," అన్నాడు స్టేషన్ మాస్టరు.

"రేపటిదాకా ఓలివ్ ఆగుతుందంటారా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం నేను బజారునుంచి బస్సులో వస్తున్నాను. బస్సు గేటు దగ్గరికి వచ్చేసరికి మ్యూరియల్ రోడ్డుకు అడ్డంగా గేటు వేసి, తాళం బిగించి, తాళంచెవి సంచిలో పడేసుకుంది. రైళ్లకు ఏ ప్రమాదమూ లేదు. దారి మూసుకుపోయింది మాకే. ఆవిడ తలమీద బయటి ఊరికి పోయేటప్పుడు పెట్టుకునే నల్ల టోపీ చూసి మా డ్రైవరు దిగాడు.

"ఏం చేస్తున్నారండీ? వెనకాల ఊరంతా నిలబడి ఉంది!"

"ఇంత ఊరుంది కదా. ఇందులో ఒక్కరు నా బదులు ఇక్కడ నిలబడతారా?"

ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. ఆవిడ స్టేషన్ వైపు నడిచి వెళ్లిపోయింది. పిల్లలు ఇవతల, తల్లులు అవతల, హారన్లు, తిట్లు. రైల్వేవాళ్లు వచ్చి తాళం కోసేసరికి చీకటి పడింది.

మ్యూరియల్ ఆసుపత్రి చేరేసరికి ఓలివ్‌కు ఇంకా తెలివుంది. "నీ గేటెవరు చూస్తున్నారే?" అని అడిగిందట.

"ఎవరూ చూడట్లేదు. పడుకో," అందట మ్యూరియల్. ఆ వారమే ఓలివ్ పోయింది.

ఉద్యోగం తీసేశారు, ఇల్లు ఖాళీ చేయించారు. మునిసిపాలిటీ వాళ్లు మా వీధి చివర మూడో అంతస్తులో ఒక గది ఇచ్చారు. ఆనాటి కోపంతో చాలామంది ఆవిడను పలకరించేవారు కాదు. నేను వెళ్తుండేదాన్ని. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేక కిటికీ దగ్గరే కూర్చునేది. "అక్కడ తిట్టేవాళ్ల మొహాలైనా కనపడేవి," అంది ఒకసారి. "ఇక్కడ గోడల్లోంచి దగ్గులే వినిపిస్తాయి."

కిటికీకి ఎదురుగా ఇంకా కొంత పొలం మిగిలి ఉండేది. ఆవిడ చనిపోయిన ఏడాది అక్కడా పునాదులు తవ్వారు. మేస్త్రీలు ఇటుకలు పేరుస్తుంటే చాలాసేపు చూసింది.

"ఇంకా జనం వస్తున్నారా?" అంది.

"వస్తున్నారు," అన్నాను.

టీ కప్పు నా చేతికిచ్చి, కిటికీ తెర వేసెయ్యమంది.