తొమ్మిది డబ్బాలల్ల నా గుట్టు

రాండ్రి, రాండ్రి. ఆ గోడకు ఆనుకొని నిలబడ్డోళ్ళు గూడ దగ్గరికి రాండ్రి. చాప మీద జాగ లేకుంటే మన ముత్తని బడి సంచి మీద కూసోండ్రి, వాడేమనడు. ఈ పొద్దు ఎక్కాలు లేవు. కథ ఉన్నది, గాని ఇందుల నక్క లేదు, కాకి లేదు. నేనే ఉన్న.

నిన్న ఏడో తరగతి గదిల ఏం జరిగిందో మీకు సగం సగమే తెలుసు. పొద్దున్నుంచి మూడు రకాల కథలు నా చెవులబడ్డయి. సార్‌ను ఖమ్మం తీస్కపోతున్నరని ఒకలు, మేడం సార్‌ను సస్పెండ్ చేసిందని ఒకలు, కంప్యూటర్ సార్‌ను తిట్టిందని ఇంకొకలు. మూడూ తప్పే. జరిగింది గంతకన్న అధ్వాన్నం. నా గుట్టు నేనే తొమ్మిది డబ్బాలల్ల సర్ది, అందరికి చూపెట్టుకున్న!

ముందుగాల ఒక నిజం చెప్పాలె. నేను ట్రాన్స్‌ఫర్‌కు పెట్టుకున్న. అవ్, ఖమ్మంకే. గట్ల మొఖాలు పెట్టకండ్రి, మొత్తం వినుండ్రి. మా ఇంటామె ఖమ్మంల దవాఖానాల నర్సు. మా పాప ఆమె దగ్గర్నే చదువుతది. నేను శనివారం బస్సెక్కి పోవుడు, సోమవారం తెల్లారకముందే వచ్చుడు. పోయిన నెల తలుపు కొడితే పాప తలుపు సందులకెల్లి చూసి, "అమ్మా, చుట్టాలొచ్చిన్రు!" అన్నది. ఆ మాట కడుపుల పడ్డంక నాకు నిద్ర లేదు, కుదురు లేదు.

దరఖాస్తు పెట్టిన. మీకు చెప్పలే. ఊర్ల ఎవరికీ చెప్పలే. చెప్తే మీ నాయనలొచ్చి, "పోకు సారూ" అంటరు, నేను మెత్తబడుత. అందుకని గప్‌చుప్. దినాం బడి విడిచినంక, మీరంత పోయిన్రో లేదో చూసుకొని, కంప్యూటర్ ముందట కూసోని ఆ ట్రాన్స్‌ఫర్ల పేజీ తెరుచుడు. నా పేరెదురుంగ "పరిశీలనలో ఉంది" అని ఉండేది. రాను రాను అది చాలక, పొద్దున మీరు రాకముందు ఒకసారి, అన్నం తిని ఒకసారి, సాయంత్రం నాలుగుసార్లు. పొయ్యి మీది ఎసరును మూత తీసి తీసి చూసినట్టు! మీకేమో ఓపిక మీద వారానికొక కథ చెప్తి.

ఇగ ఈ బ్రౌజర్ సంగతి. బ్రౌజర్ అంటే నెట్‌ల పేజీలను తెచ్చి చూపెట్టేది. మనకున్నది ఫోను తీగ మీద వచ్చే నెట్. పాత బ్రౌజర్‌ల ఒక పేజీ తెరుచుకునేలోపు బియ్యమేరి పొయ్యి మీద పెట్టి రావొచ్చు. భద్రాచలంల నెట్ సెంటర్ నడిపే యాకూబ్ భాయ్ లేడా, మన కంప్యూటర్ బాగు చేసేటాయన, ఆయన వచ్చి కొత్తది ఎక్కించిండు.

"సార్, ఇది బీటా. మస్తు స్పీడు."

"బీటా అంటే ఏంది భాయ్?"

"అంటే ఇంకా పూర్తి కాలే సార్. మనం వాడుకుంట తప్పులు చెప్తే వాళ్ళు దిద్దుకుంటరు."

"అంటే ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసేది మనమా?"

"గంతే సార్. నోరు కాలితే నన్ననొద్దు!"

నిజంగనే స్పీడు! ట్రాన్స్‌ఫర్ల పేజీ నొక్కుడే ఆలస్యం, కండ్లు మూసి తెరిచేలోపు ముందటుండేది. నేను యాకూబ్ భాయ్‌కి మనసుల ఎన్ని దండాలు పెట్టుకున్ననో! ఎందుకంత జల్దీ వస్తుందో అడగాలని మాత్రం తోచలే. లెక్క తప్పయినా జవాబు జల్దీ చెప్పినోణ్ణి మెచ్చుకునే సారును నేను.

నిన్న మన మండలం విద్యాధికారి మేడం వస్తదని కబురు. కంప్యూటర్‌తోటి పాఠం ఎట్ల చెప్తున్నమో చూస్తదట. గోదావరి మ్యాపు చూపెడుదమని అనుకున్నం. ఏడో తరగతి సమ్మక్క మౌస్ పట్టాలె, మిగిలినోళ్ళు వెంట చదవాలె. మన రూలు తెలుసు గదా: తెర మీద కండ్లబడ్డదల్లా గట్టిగ చదవాలె, ఒకలు చదివితే అందరూ అనాలె. ఆ రూలు పెట్టినోడు ఎవడో గాని... నేనే.

పొద్దుగాల అంతా సరిగ్గున్నదో లేదో చూద్దామని కంప్యూటర్ పెట్టిన. ఒక చిన్న డబ్బా లేచి ఇంగ్లీషుల ఏందో అడిగింది. ఇంగ్లీషుల అడిగితే కాదనుడు నాకు రాదు. ఓకే కొట్టిన. ఇంకోటి అడిగింది. దానికీ ఓకే. అంతల బయట జీపు సప్పుడు! ఉరికిన.

దండాలయినయి, నీళ్ళిచ్చినం, మేడం కుర్చీల కూసున్నది. "ఊఁ, మొదలుపెట్టమ్మా" అన్నది. సమ్మక్క బ్రౌజర్ తెరిచింది.

ఏముండాలె? ఖాళీ పేజీ ఉండాలె. ఏమున్నది? తొమ్మిది డబ్బాలు! మూడు వరుసలు, వరుసకు మూడు. ఒక్కో డబ్బాల ఒక్కో పేజీ బొమ్మ, దాని కింద పేరు. పైన పెద్ద అక్షరాలు. సమ్మక్క గొంతు సవరించుకున్నది.

"మీరు... ఎక్కువగా... చూసే... పేజీలు!" అని తెలుగు చేసి మరీ చెప్పింది, బంగారు తల్లి.

పొద్దున నేను ఓకే కొట్టింది గీ లెక్క తెర మీద పెట్టనీకేనన్నమాట! మనం ఏది ఎన్నిసార్లు చూస్తున్నమో ఆ బ్రౌజర్ మూలకు కూసోని లెక్క పెట్టిందట. పేజీ మూసి పోతున్న గదా, ఎవరు చూస్తరులే అనుకున్న నేను.

"టీచర్స్ ట్రాన్స్‌ఫర్స్!" అని చదివింది సమ్మక్క.

"టీచర్స్ ట్రాన్స్‌ఫర్స్!" అన్నది తరగతంతా.

"వేకెన్సీస్, ఖమ్మం అర్బన్!"

"వేకెన్సీస్, ఖమ్మం అర్బన్!"

"సమ్మక్కా, చాలు బిడ్డా..." అన్న.

"ఇంకా ఉన్నయి సార్" అన్నది. "సీనియారిటీ లిస్ట్!"

"సీనియారిటీ లిస్ట్!" అని గోడలదిరినయి. గోదావరి మ్యాపు ఎక్కడో ఆఖరి డబ్బాల, మూలకు ముడుచుకొని కూసున్నది.

నేను ఉరికి మౌస్ గుంజుకున్న. పైన రెండు గుర్తులుంటయి. ఇంటు గుర్తు నొక్కితే మూసుకుంటది. పక్కనున్న కూడిక గుర్తు నొక్కితే కొత్తది తెరుచుకుంటది. ఇన్నేండ్ల లెక్కల సారును, కంగారుల కూడిక నొక్కిన! ఇంకో తొమ్మిది డబ్బాలు. మళ్ళ నొక్కిన. ఇంకో తొమ్మిది! పిల్లలు మళ్ళ మొదటికెల్లి అందుకున్నరు, "టీచర్స్ ట్రాన్స్‌ఫర్స్!" పది కొట్టంగనే పోయే కరెంటు, నిన్న పదిన్నర దాటినా పోలే. నేను ప్లగ్గు దిక్కు చూసిన.

"ఉండండి మాస్టారూ" అన్నది మేడం. లేచొచ్చింది. నవ్వు ఆపుకుంటుందని చెంపలు చూస్తే తెలుస్తుంది. "మీ దరఖాస్తు సంగతి ఏమైందో చూద్దాం, జరగండి."

నొక్కింది. టపీమని పేజీ వచ్చింది. "పరిశీలనలో ఉంది."

"చూసిన్రా మేడం, ఇంకా పరిశీలనల్నే ఉన్నది" అన్న, జర ధైర్యం తెచ్చుకొని.

మేడం అద్దాలు సర్దుకున్నది. "పైన తేదీ చూసిన్రా ఎన్నడన్నా?"

చూసిన. మూడు వారాల కిందటిది! ఆ బ్రౌజర్ మొదటిసారి తెచ్చిన పేజీని దాచిపెట్టుకొని, దినాం అదే తీసి చూపెడుతుందట. గందుకే అంత స్పీడు! నిన్నటి కూరనే గిన్నె మార్చి పెట్టినట్టు. కొత్త పేజీ తెమ్మని మేడం రెండు మీటలు కలిపి నొక్కింది. ఈసారి పేజీ మెల్లగ, పాత పద్ధతిల, నా పానం తోడుకుంట వచ్చింది. నా పేరెదురుంగ ఏమున్నదంటే: "ఐచ్ఛికాలు ఇవ్వలేదు. ముగిసింది."

"ఏ బడి కావాలో ఎంచుకునే రోజు పోయిన సోమవారమే అయిపోయింది మాస్టారూ. అందరూ వచ్చిన్రు, మీరు రాలే. ఇగ మళ్ళ వచ్చే ఏడాదే. మీ బడికి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోన్ కొట్టిన. ఎప్పుడు కొట్టినా ఎంగేజే!"

ఎంగేజ్ కాక ఏమైతది? మనకు ఫోనూ నెట్టూ ఒక్కటే తీగ, ఒకటి నడిస్తే ఇంకోటి నడవదు. ట్రాన్స్‌ఫర్ వచ్చిందా లేదా అని నేను నెట్ల కూసుంటే, ట్రాన్స్‌ఫర్ ఫోన్ల మొత్తుకున్నది!

మేడం పోతూ తనిఖీ పుస్తకంల ఒక మాట రాసింది: "పిల్లల ఇంగ్లీషు ఉచ్చారణ స్పష్టంగా ఉన్నది." కింద సంతకం. ఉద్యోగంల చేరినంక నాకొచ్చిన మొదటి మెచ్చుకోలు అది.

రాత్రి కాకముందే మా ఇంటామెకు ఫోన్ చేసిన. తిడుతదనుకున్న. తిట్టలే. "ఊరి పిల్లలందరికి ఓపిక కథలు చెప్తవు గదా, ఒక్కటి నాకు చెప్పు" అన్నది. చెప్పబోయిన. ఒక్కటి గుర్తుకు రాలే. "సరే, శనివారం రా. పాపకు చుట్టమన్నా వస్తడు" అని పెట్టేసింది.

యాకూబ్ భాయ్‌కి గూడ చెప్పిన. "బీటా అని ముందే చెప్పిన గద సార్! ఆ తప్పు వాళ్ళకు రాయుండ్రి, దిద్దుకుంటరు" అన్నడు. వాళ్ళు దిద్దుకుంటరు సరే, నన్నెవరు దిద్దాలె?

గిదీ కథ. ఎప్పటి తీరుగనే అడుగుత. దీంట్ల నీతి ఏంది? ముత్తా, నువ్వు చెప్పు. ఇంగ్లీషుల అడిగితే ఓకే కొట్టొద్దా? మంచిదే. వెనక కూసున్నోళ్ళు? ఫోన్ ఖాళీగ ఉంచాలె. అదీ మంచిదే. బుజ్జమ్మా, నువ్వేంది చెయ్యి లేపుతున్నవు?

ఏందీ? "సారు మా దగ్గర్నే ఉంటడు" అనా?

అది నీతి గాదు బిడ్డా, శిక్ష. ఎవరికి శిక్షనో రేపు పదమూడో ఎక్కం అప్పజెప్పేటప్పుడు తెలుస్తది. నవ్వింది చాలు, లేవుండ్రి. వాన పట్టేటట్టున్నది. ఇండ్లకు పోయి కడుపునిండ తినుండ్రి. నేను గూడ అన్నం వండుకోవాలె, ఇంకో ఏడాది.