మూడిళ్లకు పంచిన పెట్టె

జమ్మలమడుగులో మా మామ స్టూడియో అటక మీంచి ఆ నల్ల పెట్టెను దించి మూత తీసి చూసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. మూడు హార్డ్ డిస్కులు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది.

"మిగతా రెండూ ఏవి మామా?"

"ఒకటి ప్రొద్దుటూర్లో ఉండాది. ఇంగోటి పులివెందల్లో."

"అక్కడెందుకున్నాయి?"

"రాజీ చేసినాం పాపా," అన్నాడు టీ ఊదుకుంటూ.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. రాజీ అంటే రెండు వర్గాల పెద్దలు కూర్చుని ఇకమీద కొట్టుకోబోమని మాటిచ్చుకోవడమని అమ్మ చెబితే విన్నాను. హార్డ్ డిస్కులకు కూడా రాజీ చేస్తారని తెలియదు.

ఫ్యాక్షన్ గొడవలు జరిగిన ఏళ్లలో రెండు వర్గాలవాళ్లూ పెళ్లి వీడియోలకు మామనే పిలిచేవారు. ఆ క్యాసెట్లకు బూజు పడుతుంటే అన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, స్టూడియోలో ఎవరైనా చూసుకునేలా వైరు తగిలించి ఈ పెట్టెలో పెట్టాడు. తర్వాత ఎలక్షన్లు వచ్చాయి. ఒకప్పుడు ఎవరు ఎవరికి దండ వేశారో, ఎవరు ఎవరి జీపులోంచి దిగారో అంతా ఆ పెట్టెలో ఉంది. ఈలోగా సగం మంది పార్టీలు మారిపోయారు. మాకియ్యమని ఒకరు, వాళ్లకిస్తే నీ సంగతి చూస్తామని ఇంకొకరు. మామకు యాష్టకొచ్చి మూడు డిస్కులూ ఊడబెరికాడు. ఒక వర్గం పెద్దకు ఒకటి, రెండో వర్గం పెద్దకు ఒకటి, తనకొకటి. ఒక్క డిస్కుతో ఏమీ కనబడదు కాబట్టి ఎవరూ ఒంటరిగా చూడలేరు. అందరూ సంతోషించారు.

టీచరమ్మ తప్ప.

ఆమె చర్చి వీధిలో ఉంటుంది. బడిలో చదువు చెప్పి రిటైరైంది. భర్త జీపు డ్రైవరు. ఏ పార్టీ మనిషీ కాదు. జీపు మీద దాడి జరిగిన రోజు స్టీరింగ్ దగ్గర ఉన్నాడు, అంతే. కూతురు అప్పటికింకా కడుపులో ఉంది. ఫోటోలు చాలానే మిగిలాయి గానీ ఆయన గొంతు ఎక్కడా లేదు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు కారు నడుపుతూ ఆయన కెమెరా ముందు ఏదో మాట్లాడతాడు. పెళ్లివారికిచ్చిన వీడియోలో ఆ మాటల మీద సినిమా పాట వేసి ఉంది. మన పెళ్లి వీడియోలన్నీ అంతే కదా, అప్పగింతల్లో అమ్మాయి ఏడ్చినా పాటే వినిపిస్తుంది. పాట వేయకముందటి అసలుది ఈ పెట్టెలో మాత్రమే ఉంది.

ఆమె ఏటా క్రిస్మస్‌కు కేకు తెచ్చిచ్చి అడిగేది. మామ ఏటా "చూద్దాంలేమ్మా" అనేవాడు. ఇప్పుడామెకు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోదానికి మిషన్ పెట్టుకుంది, అదీ తగ్గిపోతోంది. అప్పుడు గుర్తొచ్చాను నేను మామకు.

ప్రొద్దుటూరు ఆయన అడగ్గానే ఇచ్చేశాడు. చీరల కవర్లో చుట్టి ఇన్నేళ్లూ మిద్దె మీది రేకుల గదిలో పెట్టాడట. ఆ ఎండలకు రేకుల కింద ఏం మిగులుతుంది? పెట్టెలో దూర్చి కరెంటిస్తే డిస్కు టక్కు టక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది.

నేను ఫోన్లో వెతికాను. ఇలాంటి పెట్టెలో మూడింటిలో ఒకటి చచ్చినా భయం లేదు. మిగతా రెండూ బాగుంటే చాలు, మూడోదాంట్లో ఉండాల్సింది వాటి నుంచే కొత్త డిస్కులో మళ్లీ రాసుకుంటుంది. మామకు చదివి వినిపించాను.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"రెండు చాలని. అందుకే ఒకటి నా కాడ పెట్టుకున్న్యా."

ఫోను పక్కన పెట్టాను. నేను ఫోను పక్కన పెట్టానంటే విషయం చాలా దూరం వెళ్లిందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"అంటే ప్రొద్దుటూరు డిస్కు బాగున్నన్నాళ్లూ నువ్వొక్కసారి బస్సెక్కి వెళ్లొస్తే ఆమె వినగలిగేది. రెండు చెవులతో వినేది."

"మాటిచ్చినా గదా పాపా."

"ఆ పెద్దమనుషులకిచ్చింది మాట. టీచరమ్మకు ఏటా చూద్దాం అన్నది మాట కాదా? ఆమె కేకు ఎలా తిన్నావు మామా?"

"నీకేం తెలుసు ఆ దినాలు," అని గొణిగాడు గానీ, టీ మాత్రం తాగలేకపోయాడు.

పులివెందుల్లో పెద్దాయన మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టాడు. నా వైపు చూడనే లేదు.

"ఏందప్పా, ఇన్నేండ్లకు గుర్తొచ్చినామే?"

టీచరమ్మ కోసమని నేనే చెప్పాను.

"ఈ పాపెవరు?" అని ఆయన మామనే అడిగాడు.

"మా అక్క కూతురు. కంప్యూటర్లు చదివినాది."

"ఆ ఫోను కింద పెట్టమను. రికార్డు చేస్తాందేమో."

బోర్లా పెట్టాను. చేతులు ఖాళీగా ఉంటే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది.

"అప్పా, ఇప్పుడు వాళ్లూ మేమూ ఒకే పార్టీలో ఉండాం. వాళ్లను నేను తిట్టిందంతా దాంట్లో ఉండాది. ఇప్పుడది బయటికొస్తే ఏం బాగుంటాది?"

"మీ తిట్లు మాకొద్దు తాతా," అన్నాను. "ఆ డ్రైవరు నడిపింది మీ జీపే కదా. మీరూ వాళ్లూ రాజీ అయిన రోజు ఆయన పేరు ఎవరైనా ఎత్తారా?"

మామ నా మోచెయ్యి గిల్లాడు. పెద్దాయన మొదటిసారి నా మొహం చూశాడు.

"నేను యెనక సీట్లో ఉన్న్యా," అన్నాడు.

లేచి లోపలికి వెళ్లి, బీరువాలోంచి తువ్వాలులో చుట్టిన డిస్కు తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. "మళ్లా నాకే తెచ్చియ్యాల," అన్నాడు మామతో.

తిరుగుదారిలో కొత్త డిస్కుల కోసం ప్రొద్దుటూర్లో ఆగాం. "ఈ డొక్కు పెట్టెకు కొత్తవెందుకు మ్మా, పాత ఇనుము గుజిరీకి ఏసెయ్," అన్నాడు షాపతను. పైగా పే...ద్ద సైజువి అంటగట్టబోయాడు. రెండు టెరాబైట్లు దాటితే ఈ పాత పెట్టె గుర్తించదని ఫోన్లో చూపించి, పోట్లాడి చిన్నవి మూడు తీసుకున్నాను.

పాతవి రెండూ దూర్చి ఆన్ చేశాను. కీచు అరుపు అలాగే ఉంది గానీ రెండు దీపాలు వెలిగాయి. నా ల్యాప్‌టాప్ మాత్రం అంత పాత పెట్టెతో మాట్లాడనంది. ఆ పాత భాషను సెట్టింగుల్లో వెతికి ఆన్ చేస్తే అప్పుడు ఫోల్డర్లు కనబడ్డాయి. ముందు టీచరమ్మకు కావాల్సింది ల్యాప్‌టాప్‌లోకి లాగేశాను, పాత డిస్కుల్ని ఎవరు నమ్ముతారు? ఆ తర్వాతే మూడో అరలో కొత్తది పెట్టాను. అది నిండటానికి ఒక పూట పట్టింది. తర్వాత పాతది ఒకటి తీసి ఇంకో కొత్తది. మళ్లీ ఒక పూట. రెండో పాతదాని బదులు మూడో కొత్తది. కరెంటు పోతుందేమోనని మామ ఇన్వర్టర్ పక్కనే కూర్చున్నాడు. నేను చెప్పలేదు, తనే వచ్చి కూర్చున్నాడు.

మూడు దీపాలూ పచ్చగా వెలిగాక పెట్టె నోరు మూసుకుంది. పులివెందుల డిస్కును మళ్లీ తువ్వాలులో చుట్టాను, మాట మాటే. ఇక అది ఒంటరిగా దేనికీ పనికిరాదని, దానితో అవసరం కూడా లేదని పెద్దాయనకు మామే చెప్పుకోవాలి.

టీచరమ్మ వచ్చి కుర్చీ స్పీకర్ పక్కకు జరుపుకుంది. చెవి మిషన్ సరిచేసుకుంది. నేను వీడియో పెట్టాను.

పూల కారు. తెల్ల చొక్కా మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ లైటు తియ్యప్పా, కండ్లు మండుతాండాయి. పెండ్లికొడుకు నేను గాదు, ఆయప్ప యెనక ఉండాడు."

కెమెరా వెనక నుంచి కుర్ర గొంతు, మా మామది: "నువ్వే బాగుండావులేప్పా ఫోటోకు."

నవ్వులు. ఇంకా ఉంది గానీ అక్కడ ఆపాను. టీచరమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె మొహం చిట్లించుకుంది.

"ఇంత లావు గొంతా? సన్నంగా ఉంటాదనుకుంటాండానే."

మామ స్పీకర్ని ఆమె వైపు ఇంకాస్త తిప్పాడు.

"ఇన్నేండ్లూ వేరే గొంతు పెట్టుకున్న్యా మనసులో. నా కూతురికి కూడా అదే గొంతు చేసి వినిపించినా," అంది. మరో మూడుసార్లు పెట్టించుకుంది. కువైట్‌లో ఉన్న కూతురికి నా ఫోన్ నుంచి పంపించాను. తర్వాత ఆమె మామ వైపు తిరిగింది. ఇన్ని క్రిస్మస్‌ల కోపం ఇప్పుడు బయటికొస్తుందనుకుని, నేనూ ఎదురుచూశాను.

"ఆయప్ప చెప్పినాక లైటు తీసినావా అప్పా?"

"ల్యామ్మా," అన్నాడు మామ తల దించుకుని. "తియ్యలే."

"అట్లయితే ఇంకా తిట్టింటాడు," అంది టీచరమ్మ, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ. "ఆపొద్దు మ్మే, పోనియ్యి."